జ్వరాలన్నీ మలేరియా కావు

(జగదల్‌పూర్‌లో రైల్వే, తపాలా ఉద్యోగుల కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



యూనియను వేదిక ఎక్కినవాడు కరువు భత్యం గురించి, ఖాళీల భర్తీ గురించి, పాత పెన్షను గురించి మాట్లాడవలెనని మనలో ఒక అలవాటు ఉన్నది. ఆ విషయాలపై ఉదయం సభలో తీర్మానాలు ఆమోదం పొందినవి. వాటిని మరల చెప్పి మీ సమయం తీసుకొనను. ఈ సాయంకాలం కుటుంబాలు కూడ వచ్చినవి. పసిబిడ్డలను ఒడిలో పెట్టుకొని తల్లులు ముందు వరుసలో కూర్చున్నారు. అందుచేత ఒక వ్యాధిని గురించి, దానిని అడ్డగించగల టీకాలను గురించి మాట్లాడదలచినాను.

ఇది డాక్టరుగారు చెప్పవలసిన మాట కదా అని కొందరికి తోచవచ్చును. చికిత్స డాక్టరుగారి పనే. అందులో మనం వేలు పెట్టరాదు. కాని బిడ్డకు పడవలసిన టీకా బదిలీ మూలంగా ఎందుకు తప్పిపోయినది? కాంట్రాక్టు కూలీ బిడ్డ పేరు ఏ జాబితాలోను ఎందుకు లేదు? ట్రాక్ మెయింటెయినరు భార్య టీకా రోజున పన్నెండు కిలోమీటర్లు ఎవరి తోడుతో పోగలదు? ఇవి వైద్యశాస్త్ర ప్రశ్నలు కావు. సంఘం ఎదుట ఉండవలసిన ప్రశ్నలు.

ఆ వ్యాధి పేరు మెనింజైటిస్. పత్రికలవారు మెదడు పొరల వాపు అని వ్రాస్తారు. మెదడును, వెన్నుపామును చుట్టి మూడు పలుచని పొరలు ఉన్నవి. ఆ పొరల నడుమ తేటనీటివంటి ద్రవం ఉంటుంది. మామూలుగా సూక్ష్మక్రిములు ఆ చోటికి చేరలేవు. చేరినచో వాటిని అక్కడ ఎదుర్కొనే బలం శరీరానికి తక్కువ; గంటలలోనే పెరిగిపోతాయి. మెదడువాపు అని మనవారు తరచుగా వాడే మాట వేరొక వ్యాధిని సూచిస్తుంది. అది మెదడుకే వచ్చేది. బయటికి రెండూ ఒకే విధంగా కనిపించవచ్చును, కాని కారణాలు వేరు, చికిత్స వేరు. రెండింటినీ కలగాపులగం చేయడం వల్ల ఎంత నష్టమో తరువాత మనవి చేస్తాను.

మెదడు పొరల వాపు వైరస్ వల్ల రావచ్చును. అది చాలవరకు తేలికగానే పోతుంది. బాక్టీరియా వల్ల వచ్చినది ప్రాణాంతకం. బాక్టీరియాలలో ముఖ్యమైనవి మూడు: మెనింగోకాకస్, న్యూమోకాకస్, హిబ్ అని పొట్టిపేరుతో పిలిచే హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా బి రకం. వీటికి తోడు మన దేశంలో క్షయక్రిమి కూడ మెదడు పొరలను పట్టి పసివారిని చంపుతున్నది. అన్ని రకాల మెనింజైటిస్ కలిసి 2019లో ప్రపంచం మొత్తంమీద రెండు లక్షల ముప్పైవేల మందికి పైగా ప్రాణాలు తీసినవని అంచనా. వారిలో దాదాపు సగంమంది ఐదేళ్ళలోపు పిల్లలు. బాక్టీరియా రకం సోకినవారిలో ఆరుగురికి ఒకరు మరణిస్తారని, బ్రతికినవారిలో ఐదుగురికి ఒకరికి తీవ్రమైన లోపం మిగిలిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. చెవుడు, మూర్ఛ, చూపు దెబ్బతినడం, చదువు తలకెక్కకపోవడం, కాలుచేతులు కోల్పోవడం — ఇవీ ఆ లోపాలు. మరణాల లెక్క అందరూ అడుగుతారు. ఈ రెండవ లెక్క ఎవరూ అడగరు. దానిని జీవితాంతం మోసేది తల్లి ఒక్కతే.

లక్షణాలు శ్రద్ధగా వినండి. పెద్దవారిలో, ఎదిగిన పిల్లలలో హఠాత్తుగా తీవ్రమైన జ్వరం, భరింపరాని తలనొప్పి, వాంతులు, గడ్డం గుండెకు ఆనించలేనంతగా మెడ బిగియడం, వెలుతురు చూడలేకపోవడం, మాట తడబడడం, మగత, ఫిట్స్. పసిబిడ్డలో మెడ బిగియకపోవచ్చును కూడ. పాలు త్రాగదు. ఎత్తుకొంటే ఊరుకొనవలసిన బిడ్డ, ఎత్తుకొన్నకొద్దీ కీచుగొంతుతో ఏడుస్తుంది. లేదా ఏడుపే లేక వాలిపోతుంది. నడినెత్తిన మెత్తగా ఉండే మాడు ఉబ్బి బిగుసుకొంటుంది. మెనింగోకాకస్ రకంలో ఒంటిమీద ఎర్రని, ఊదారంగు మచ్చలు లేస్తాయి. గాజుగ్లాసు అదిమి చూచినను ఆ మచ్చలు మాయంకావు. ఆ మచ్చలు కనబడిన తరువాత తెల్లవారనిమ్మని ఆగరాదు. ఒక పగలు, ఒక రాత్రి గడిచేలోపల మనిషిని తీసుకొనిపోగల వ్యాధి అది.

ఇక మన బస్తరు సంగతి. ఇక్కడ జ్వరం అనగానే మలేరియా అంటాము. అనడంలో తప్పు లేదు. 1960 దశకంలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడినుండి జపానుకు చేర్చడానికి కొత్తవలస-కిరందూలు లైను వేసిననాటినుండి ఈ అడవులలో పనిచేసిన మన తెలుగు కార్మికులకు చలిజ్వరంతో పరిచయం లేని సంవత్సరం లేదు. ఇక్కడి మలేరియాలో ఫాల్సిపేరం రకమే ఎక్కువ. అది మెదడుకు ఎక్కితే మనిషి తెలివి తప్పిపోతాడు. 2020 జనవరిలో ప్రారంభమైన 'మలేరియా ముక్త బస్తర్' ఉద్యమంలో ఇంటింటికి వెళ్ళి, జ్వరం ఉన్నవారికీ లేనివారికీ రక్తపరీక్ష చేసినారు. గొప్ప పని. కొండలు ఎక్కి, వాగులు దాటి ఆ పని చేసిన మితానిన్ సోదరీమణులకు, ఏ.ఎన్.ఎం.లకు మనం ఎంత కృతజ్ఞత చెప్పినా చాలదు. దేశమంతటా ఆశా కార్యకర్తలు రావడానికి ముందే, 2002లోనే, ఛత్తీస్‌గఢ్‌లో మితానిన్ల వ్యవస్థ ఏర్పడిన సంగతి మీకు తెలిసినదే.

ఆ పరీక్షలలో ఒక విషయం బయటపడినది. మలేరియా ఉన్నదని తేలినవారిలో సగానికి మించి ఏ లక్షణమూ లేనివారే. క్రిమి రక్తంలో ఉన్నది, మనిషి మాత్రం పనికి పోతున్నాడు. దీని అర్థమేమి? రేపు ఆ ఇంటి బిడ్డకు మెనింజైటిస్ వచ్చినదనుకొనండి. వేలికొన గుచ్చి పరీక్ష చేస్తే మలేరియా అని గీత పడుతుంది. గీత నిజమే. కాని బిడ్డను చంపుతున్నది ఆ గీతలో కనబడే క్రిమి కాకపోవచ్చును. మలేరియా మాత్రలు వేసి, రెండు రోజులు చూద్దామని ఇంటిల్లిపాదీ ఊరటపడుతుంది. ఆ రెండు రోజులే చాలును, జరగవలసిన హాని జరిగిపోవడానికి.

లైను మీద ఒక చిన్న స్టేషనులో పనిచేసే ట్రాక్ మెయింటెయినరు సోదరుని ఇంటిలో ఇదే జరిగినది. విజయనగరం వైపునుండి బదిలీపై వచ్చేనాటికి పాపకు మూడవ నెల. ఆరవ వారపు టీకాలు అక్కడ పడినవి. పదవ వారానివి సామాను సర్దుకొనే హడావుడిలో, పద్నాలుగవ వారానివి క్వార్టరు దొరకని కాలంలో పోయినవి. కార్డు ఒక ట్రంకుపెట్టెలో అడుగున ఉండిపోయినది. పదకొండవ నెలలో జ్వరం వచ్చినది. పరీక్షలో మలేరియా అన్నారు. మాత్రలు పడినవి. మూడవనాటి తెల్లవారుజామున ఫిట్స్ మొదలైనవి. గూడ్సు బండి పట్టుకొని, అక్కడినుండి జీపులో పట్టణంలోని ఆసుపత్రికి చేర్చేసరికి మధ్యాహ్నమైనది. వెన్నునుండి నీరు తీసి పరీక్షించవలెనన్నారు. అమ్మమ్మ ఒప్పుకొనలేదు, ఆ వాదంలో మరి రెండు గంటలు. చివరకు తీసినారు, న్యూమోకాకస్ అని తేలినది. పాప బ్రతికినది. ఈనాడు ఆ పాపకు మూడేళ్ళు. తండ్రి రోజంతా బండి చప్పుడుకు చెవి ఒగ్గి ప్రాణం కాపాడుకొంటూ పనిచేసే మనిషి. క్వార్టరు ముందునుండి పోయే ఆ బండి కూత పాపకు వినబడదు.

మిగిలిన డోసులు పడియుంటే ఇది జరిగేది కాదని ప్రమాణం చేసి చెప్పలేము. న్యూమోకాకస్‌లో నూరుకు దగ్గరగా రకాలున్నవి. టీకా వాటిలో తరచుగా ప్రాణం తీసే కొన్నింటినే అడ్డుకొంటుంది. కాని నేను సూటిగా ఒక మాట అడుగుతాను. రోగం ఏదో తేల్చగల ఆసుపత్రి మనకు అరపూట దూరంలో ఉన్నది. పట్టణంలో ఉన్నవాడు టీకా మానుకొన్నను, పది నిమిషాలలో పెద్దాసుపత్రి గుమ్మం ఎక్కగలడు. మనం ఎక్కలేము. టీకాకు రోగనిర్ణయంతో పనిలేదు. బండి కోసం ఎదురుచూడదు. అది ముందే బిడ్డ ఒంటిలో కాపలా ఉంటుంది. ఆసుపత్రి దూరమైనకొద్దీ టీకా విలువ పెరుగుతుంది. కాని ఆసుపత్రి దూరమైనచోటనే టీకా తప్పిపోతున్నది. మన పోరాటమంతా ఈ రెండు వాక్యాల నడుమ ఉన్నది.

వెన్నునుండి నీరు తీయడం గురించి ఇక్కడే చెప్పి ముందుకు పోతాను. నీరు తీస్తే కాళ్ళు పడిపోతాయని మన ఊళ్ళలో గట్టి నమ్మకం. వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగిసిపోతుంది. సూది గుచ్చేది దానికి దిగువన. తీసేది కొద్ది చుక్కల ద్రవం. తీయడానికి ముందు అది క్షేమమా కాదా అని డాక్టరు చూచుకొంటారు. ఆ పరీక్ష తరువాత కాళ్ళు పడిపోయినవారిని చూచినామని చెప్పేవారు, కాళ్ళు పడగొట్టినది పరీక్షా, అప్పటికే ముదిరిన రోగమా అని ఆలోచించలేదు. ఏ క్రిమి పట్టినదో, ఏ మందు పనిచేస్తుందో చెప్పగలిగేది ఆ ద్రవమే. దానిని అడ్డుకొనకండి. అలాగే మందులషాపులో రెండు యాంటీబయాటిక్ బిళ్ళలు కొని మ్రింగించి, మరునాడు ఆసుపత్రికి పోవడం కూడ వద్దు. ఆ అరకొర మందు రోగాన్ని తగ్గించదు. పరీక్షలో క్రిమి దొరకకుండా మాత్రం చేస్తుంది.

పేర్ల కలగాపులగం గురించి చెబుతానన్నాను. 2003 వేసవి చివర మన తెలుగు జిల్లాలలో పిల్లలకు మెదడువాపు వ్యాపించినది. 329 మంది పిల్లలు దాని వాతబడగా 183 మంది మరణించినారు. మొదట జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనుకొన్నారు. పరిశోధనలో చాలవరకు చండీపుర వైరస్ అని తేలినది. 1965లో నాగపూరు దగ్గరి చండీపుర గ్రామంలో మొదట దొరికినందున దానికా పేరు. దానికి నేటికీ టీకా లేదు. 2016లో మనకు పక్కనే ఉన్న మల్కన్‌గిరి జిల్లాలో కొద్ది నెలలలో వందమందికి మించి పసిబిడ్డలు పోయినారు. కొందరి రక్తంలో జపనీస్ ఎన్‌సెఫలైటిస్ దొరికినది. మిగిలినవారిలో అనేకుల మరణానికి అడవిలో పెరిగే బణ చకుండ అనే మొక్క గింజల విషం కారణమని నిపుణుల సంఘం అభిప్రాయపడినది. ఆకలిగొన్న పిల్లలు ఆ పచ్చికాయలు తిన్నారు. ఆకలికి టీకా లేదు, అది వేరే పోరాటం. నేను చెప్పదలచినది ఇంతే: తెలివి తప్పిన బిడ్డను చూచి ఇది ఫలానా జబ్బు అని ఇంటిలో తీర్పు చెప్పవద్దు. స్టేషను మాస్టరూ చెప్పవద్దు, పోస్టుమాస్టరూ చెప్పవద్దు, యూనియను కార్యదర్శి అసలే చెప్పవద్దు. గ్రామంలోని సిర్హా, గునియాలను ఎగతాళి చేయకండి. వారి మాటకు ఇక్కడ విలువ ఉన్నది. పూజ జరిపించుకొనేవారిని జరిపించుకొననిండు, కాని బండి వాకిట్లోకి వచ్చేలోపల జరగనిండు. 108కు ఫోను ముందు చేయవలెను.

టీకాలకు వస్తాను. పుట్టినవెంటనే వేసే బి.సి.జి. క్షయను పూర్తిగా ఆపలేకపోయినను, పసివారి మెదడు పొరలకు ఎక్కే క్షయను చాలవరకు ఆపుతుంది. భుజంమీద మచ్చ చూచుకొని నవ్వుకొంటాము గాని, దాని ముఖ్య ప్రయోజనం అదే. హిబ్‌ను ఆపేది పెంటావాలెంట్ టీకాలో ఉన్నది; కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి లతోపాటు ఒకే సూదిలో. ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేస్తారు. 2011 డిసెంబరులో కేరళ, తమిళనాడులలో ప్రభుత్వం దీనిని ప్రారంభించి, క్రమంగా దేశమంతటికీ విస్తరించినది. న్యూమోకాకల్ టీకా 2017లో హిమాచల్, బీహారు, ఉత్తరప్రదేశ్‌లలో మొదలై, 2021లో అన్ని రాష్ట్రాలకు వచ్చినది. అది ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, మరల తొమ్మిదవ నెలలో. తొమ్మిదవ నెలలోనే తట్టు, రుబెల్లా టీకా. తట్టు కూడ మెదడును దెబ్బతీయగలదు. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ టీకా ఆ వ్యాధి ఉన్నదని గుర్తించిన జిల్లాలలో ఇస్తారు. బదిలీపై వచ్చినవారు కొత్త జిల్లాలో ఏ.ఎన్.ఎం.ను ఆ సంగతి తప్పక అడగవలెను.

ఈ తేదీలు ఏకరువు పెట్టడానికి ఒక కారణమున్నది. 2021కి ముందు న్యూమోకాకల్ టీకా మన దేశంలో లేకపోలేదు. ఉన్నది, ప్రైవేటు ఆసుపత్రిలో, డోసు ఒక్కటికి కొన్ని వేల రూపాయలకు. మూడు డోసులకు ఒక గ్రామీణ డాక్ సేవకుని నెల రాబడి చాలేది కాదు. అనేక సంవత్సరాలు కొనగలవాని బిడ్డకు ఒక రక్ష, కొనలేనివాని బిడ్డకు మరొక రక్షగా నడిచినది. ఈనాడు ఆ తేడా ఆ టీకా విషయంలో తొలగినది. ఉచితంగా ఉన్నది. ఎవరో బిచ్చం వేసినది కాదు, మనం కట్టే పన్నులతో కొన్నది. దానిని వదలుకొనడం బోనసు వదలుకొనడం వంటిదే.

మెనింగోకాకల్ టీకా మాత్రం జాతీయ కార్యక్రమంలో లేదు. ఢిల్లీలో 1966లో, 1985లో, మరల 2005లో ఆ వ్యాధి చెలరేగినది; 2008-09లో మేఘాలయ, త్రిపురలలో వ్యాపించినది. సైన్యంలో చేరేవారికి ఆ టీకా ఇస్తారు. హజ్ యాత్రకు పోయే మన ముస్లిం సోదరులకు అది తప్పనిసరి. మామూలు కుటుంబాలవారందరూ అప్పుచేసి దానిని వేయించుకొనవలెనని నేను చెప్పను. కాని ప్లీహం తీసివేయబడినవారికి, సికిల్‌సెల్ వ్యాధి ఉన్నవారికి మెనింగోకాకస్, న్యూమోకాకస్ రెండూ ఇతరులకంటె ఎంతో ప్రమాదకరం. సికిల్‌సెల్ ఛత్తీస్‌గఢ్‌లో తక్కువేమీ కాదు. ఇక్కడి ఆదివాసీ, వెనుకబడిన కులాల కుటుంబాలనుండి వచ్చిన మన సహోద్యోగులలో ఆ వ్యాధి ఉన్నవారున్నారు. ఆ వ్యాధి నిర్మూలనకు 2023 జూలై 1న జాతీయ కార్యక్రమం ప్రారంభమైనది. పరీక్షలు ఉచితం. ఇంటిలో ఎవరికైనా ఆ వ్యాధి ఉంటే ఈ అదనపు టీకాల సంగతి డాక్టరుగారిని అడగండి. రైల్వే వైద్యశాఖ ఇటువంటివారికి ఆ టీకా తన ఖర్చుతో ఇవ్వవలెనన్న కోరిక మన కోరికల పత్రంలో చేరవలెనని నా అభిప్రాయం.

టీకా పనిచేస్తుందా అని ఇంకా సందేహించే మిత్రులకు ఆఫ్రికా సంగతి చెబుతాను. సెనెగల్ మొదలు ఇథియోపియా వరకు ఉన్న దేశాలను మెనింజైటిస్ మేఖల అంటారు. 1996-97లో అక్కడ రెండున్నర లక్షలమందికి ఆ వ్యాధి సోకి పాతికవేలమంది మరణించినారు. పేద దేశాలు కొనగల టీకా తయారుచేయడానికి పెద్ద కంపెనీలు ముందుకు రాలేదు. పూనాలోని సీరం ఇన్‌స్టిట్యూట్ అర డాలరుకు లోపు ధరకు తయారుచేసినది. 2010 డిసెంబరులో బుర్కీనా ఫాసోలో మొదలుపెట్టి కోట్లాదిమందికి వేసినారు. ఎ రకం మెనింగోకాకస్ కేసు 2017 తరువాత ఆ ప్రాంతంలో నిర్ధారణ కాలేదు. ఒక ఖండాన్ని నూరేళ్ళుగా పీడించిన వ్యాధి ఏడేళ్ళలో కనుమరుగైనది. ఐదు రకాలను ఒకేసారి ఎదుర్కొనే కొత్త టీకాను 2024లో నైజీరియా మొట్టమొదట వాడినది. అదీ పూనాలో తయారైనదే. మన హైదరాబాదు సంగతి చెప్పనక్కరలేదు. పెంటావాలెంటు టీకాలు అక్కడినుండి దేశదేశాలకు పోతున్నవి. 2013లో భారత్ బయోటెక్ విడుదల చేసిన జపనీస్ ఎన్‌సెఫలైటిస్ టీకాకు మూలం కర్ణాటకలోని కోలారులో దొరికిన వైరస్. హైదరాబాదులో తయారై సముద్రాలు దాటగల టీకా, గీదం దాటి ఒక గ్యాంగు క్వార్టరుకు చేరలేదంటే లోపం ఎక్కడున్నదో మనమే వెదకవలెను.

నేను వెదకినంతలో లోపం మూడు చోట్ల కనబడినది.

మొదటిది బదిలీ. మన ఉద్యోగి సర్వీసు రిజిస్టరు పోతే ఆకాశం విరిగిపడినట్టు అల్లాడిపోతాడు. ఇంక్రిమెంటు ఒక్క నెల ఆలస్యమైతే అర్జీ మీద అర్జీ. బిడ్డ మాతా శిశు రక్షణ కార్డు ఎక్కడున్నదంటే భార్యవైపు చూస్తాడు. ఆ కార్డు బిడ్డ సర్వీసు రిజిస్టరు. ఏ ఊరి కార్డు అయినను దేశంలో ఏ టీకా కేంద్రంలోనైనను చెల్లుతుంది. రేషను కార్డుతో, రైల్వే ఉమీద్ కార్డుతో దానికి సంబంధం లేదు. తెలుగులో ఉన్న కార్డు ఇక్కడి ఏ.ఎన్.ఎం.కు చదువరాకపోతే పక్కన నిలబడి చదివిపెట్టండి. ఒక డోసు తప్పినదని మొదటినుండి మొదలుపెట్టనక్కరలేదు, తప్పినచోటినుండి కొనసాగిస్తారు. కాని మొదటి డోసు ఏడాది నిండకముందే పడవలెను గనుక ఆలస్యం పనికిరాదు.

రెండవది, మన జాబితాలలో లేనివారు. స్టేషను ఊడ్చే కాంట్రాక్టు కార్మికురాలి బిడ్డ, స్లీపర్లు మోసే కూలీ బిడ్డ మన క్వార్టర్ల చుట్టూనే ఆడుకొంటారు. వారికి ఉమీద్ కార్డు లేదు. గ్రామీణ డాక్ సేవక్ సోదరునికి కేంద్రప్రభుత్వ ఆరోగ్య పథకం వర్తించదు. ఎండలో వానలో సంచి మోసేది మాత్రం అతడే. క్రిమికి పర్మనెంటు, టెంపరరీ అన్న భేదం లేదు. మెనింగోకాకస్, న్యూమోకాకస్ మన గొంతులలోనే ఉండి, దగ్గరగా మసలేవారికి తుంపరల ద్వారా పాకుతాయి. చుట్టూ ఉన్న పిల్లలకు టీకా పడకపోతే మన బిడ్డ రక్షణ కూడ సగమే. అందుచేత హెల్త్ యూనిట్లలో టీకా రోజున కార్డు ఉన్నదా లేదా అని చూడక, వచ్చిన ప్రతి బిడ్డకూ వేయవలెనని, లేదా ప్రభుత్వ ఏ.ఎన్.ఎం.ను ఆ రోజున స్టేషనుకే పిలిపించవలెనని అధికారులకు వ్రాయబోతున్నాము.

మూడవది భయం. సూది పడిన తొడ వాచి, రాత్రి జ్వరం వస్తే, బాగున్న బిడ్డకు జబ్బు తెచ్చిపెట్టినారని అత్తగారు కోప్పడుతుంది. తరువాతి డోసుకు పంపదు. ఒకటి రెండు రోజుల జ్వరం, నొప్పి సాధారణం. ఏ.ఎన్.ఎం. చెప్పిన మోతాదులో పారాసిటమాల్ చాలును. తీవ్రమైన ప్రతిచర్య బహు అరుదు. సూది తరువాత అరగంట అక్కడే కూర్చుండమనేది అందుకే. తొందరపడి లేచిరావద్దు. కోడలితో వాదించక, అత్తగారినే టీకా కేంద్రానికి వెంట తీసుకొనిపొమ్మని నా సలహా. నేను చూచినంతలో ఇది ఏ కరపత్రంకంటెను బాగా పనిచేసినది.

తపాలావారికి ప్రత్యేకంగా ఒక మాట. 1892లో వంగదేశంలో మలేరియా విజృంభించిన కాలంలో క్వినైను పొట్లాలను పోస్టాఫీసులలో పైసాకు ఒకటి చొప్పున అమ్మించినారు. డాక్టరు లేని ఊరికి మందు చేరవేసినది తపాలావారు. 2021 ఏప్రిల్‌లో మొట్టమొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ ట్యాంకర్లు నింపుకొన్నది మన విశాఖ ఉక్కు కర్మాగారంలో, నడిపినవారు రైల్వేవారు. పోలియో చుక్కలు స్టేషను ప్లాట్‌ఫారాలమీద పడినవి. 2014 మార్చిలో దేశం పోలియోరహితమని ప్రకటించబడినది. ఈ పని మనకు కొత్తది కాదు. బ్రాంచి పోస్టుమాస్టరుకు ఊరిలో ఏ ఇంట బిడ్డ పుట్టినదో తెలుసును. సంతరోజున హాట్ బజార్ క్లినిక్ బండి వచ్చినదో లేదో కూడ అతనికే ముందు తెలుస్తుంది. ఆ ఇంటిలో ఉత్తరమో, పెన్షనో ఇచ్చేటప్పుడు "కార్డు చూపించమ్మా" అని ఒక్కమాట అడగడానికి ఓవర్‌టైము అడగరని నమ్ముతున్నాను. (నవ్వులు)

రన్నింగ్ రూములు, బారకాసులలో ఉండేవారు ఇంకొకటి గుర్తుంచుకొనండి. ఒకరికి మెనింగోకాకల్ వ్యాధి నిర్ధారణ అయినచో, ఆ గదిలో దగ్గరగా మసలినవారికి, ఇంటివారికి డాక్టరు నివారణ మందు ఇస్తారు, వెంటనే తీసుకొనవలెను. అదే బండిలో ప్రయాణం చేసినంతమాత్రాన, ఆ ఇంటి ఉత్తరం ముట్టుకొన్నంతమాత్రాన రాదు. రోగి కుటుంబాన్ని వెలివేసినట్టు చూడడం సంఘ సభ్యులకు తగదు.

కార్యక్రమం చెప్పి ముగిస్తాను. వచ్చే నెలలోపల ప్రతి బ్రాంచి కార్యదర్శి తన పరిధిలో రెండేళ్ళలోపు పిల్లల జాబితా తయారుచేయవలెను. పర్మనెంటు, కాంట్రాక్టు, డాక్ సేవక్ అన్న తేడా లేకుండా. ఎవరికి ఏ డోసు తప్పినదో పేరు ఎదుట వ్రాయవలెను. ట్రాక్ సిబ్బందికి టీకా రోజున భార్యకు తోడుగా పోవడానికి డ్యూటీ మార్చి ఇవ్వవలెనని డివిజను అధికారులకు మన వినతిపత్రం సిద్ధమైనది. ఆపత్సమయంలో కంట్రోలు అనుమతితో రోగిని తొలి బండిలో ఎక్కించే పద్ధతిని వ్రాతపూర్వకమైన ఉత్తర్వుగా ఇవ్వవలెనని రెండవ అంశం. సంతకాలు కావలెను.

జాబితా ఫారాలు ఆ మూల బల్లమీద ఉన్నవి. కార్డులు వెంట తెచ్చిన తల్లులు వరండాలోనికి రావలసినది; ఇద్దరు ఏ.ఎన్.ఎం. సోదరీమణులు ఏడు గంటలవరకు అక్కడే ఉంటారు. కార్డు ట్రంకుపెట్టెలో ఉన్నదనేవారు బిడ్డ పేరు, పుట్టిన తేదీ మాత్రం వ్రాయించి పొండి.